నేలలేని సాగులో బెండకు ద్రవ ఎరువులు

గ్రీన్‌హౌస్‌లోనో పాలీహౌస్‌లోనో మట్టి వాడకుండా పెంచే బెండకు కావలసిన ఖనిజ పోషకాలన్నిటినీ నీటిలో కరిగించి వేళ్లకు అందించే ద్రావణాలను ఈ వ్యాసంలో ద్రవ ఎరువులుగా పరిగణిస్తున్నాం. వీటిలో అధిక భాగం పొడిగానో పలుకులుగానో దొరికే ‘నీటిలో కరిగే ఎరువుల’ నుంచి తోటలోనే తయారవుతుంది. సీసాల్లో అమ్మే గాఢ ద్రావణాలు, పులియబెట్టిన సేంద్రియ ద్రవాలు కూడా కొంత వాడుకలో ఉన్నాయి. పొలంలో వేసే ఎరువు నేలలో ఉన్న పోషకాలకు చేర్పు మాత్రమే. నేలలేని సాగులో మాత్రం మొక్కకు గాలి నుంచి వచ్చే కార్బన్, ఆక్సిజన్, నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ తప్ప మిగిలినవన్నీ ఈ ద్రావణం నుంచే రావాలి. పైగా నేలలోని బంకమన్ను, సేంద్రియ పదార్థం పోషకాలను పట్టి ఉంచి, ఆమ్ల క్షార స్థితిలో వచ్చే ఒడుదొడుకులను తగ్గిస్తాయి. మట్టిని తీసేసినప్పుడు ఆ పని చేసేది ఉండదు కనుక ఆ బాధ్యత కూడా ద్రావణం మీద, దాన్ని నడిపే మనిషి మీద పడుతుంది. నేలలేని బెండ సాగులో ఫలితాన్ని తేల్చేది ఎరువుల మోతాదు చీటీ కంటే నీటి పరీక్ష, రోజువారీ కొలత అనడానికి ఆధారం ఇదే. చరిత్ర, రసాయన లెక్కలు, పంట స్వభావం ఈ సంగతినే ఎలా బలపరుస్తున్నాయో కింది విభాగాలు వివరిస్తాయి.

చరిత్ర

మొక్క ఆహారం ఎక్కడిదన్న ప్రశ్నకు తొలి పరిమాణాత్మక ప్రయోగం ఫ్లాండర్స్‌కు చెందిన యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్‌ది. కుండీలో విల్లో మొక్కను ఐదేళ్లు పెంచి, మట్టి బరువు దాదాపు తగ్గలేదని గమనించి, మొక్క నీటితోనే పెరిగిందని ఆయన తేల్చాడు. ఆ ఫలితం ఆయన మరణానంతరం 1648లో అచ్చయింది. 1699లో ఇంగ్లండ్‌లో జాన్ వుడ్‌వర్డ్ పుదీనాను రకరకాల నీళ్లలో పెంచి, శుద్ధమైన నీటికంటే మట్టి కలిసిన నీటిలో బాగా పెరిగిందని చూపాడు. నీటిలో కరిగిన మరేదో మొక్కకు అందుతోందనడానికి అది సూచన. ఆ ‘మరేదో’ ఏమిటో 1860ల నాటికి జర్మనీలో యూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ తెలిసిన లవణాలతో చేసిన ద్రావణాల్లో మొక్కలను పెంచి నిరూపించారు. మొక్కల పోషణ అధ్యయనానికి ప్రయోగశాల పద్ధతిగా ఉన్న దీన్ని వాణిజ్య సాగు వైపు మళ్లించే ప్రయత్నం 1929 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరిక్‌తో మొదలైంది. హైడ్రోపోనిక్స్ అనే పేరును 1937లో ప్రచారంలోకి తెచ్చింది కూడా ఆయనే.

గెరిక్ ప్రయోగాలపై పత్రికల్లో వచ్చిన అతిశయోక్తుల నేపథ్యంలో అదే విశ్వవిద్యాలయానికి చెందిన డెనిస్ హోగ్లాండ్, డేనియల్ ఆర్నన్ 1938లో ఒక కరపత్రం వెలువరించారు. ఇప్పటికీ ప్రపంచమంతటా వాడే హోగ్లాండ్ ద్రావణం అందులోదే. మంచి నేలలో బాగా చేసిన సాగుకంటే నీటి సాగుకు సహజంగా వచ్చే దిగుబడి ఆధిక్యం ఏమీ లేదన్నది అందులోని ముఖ్య నిర్ధారణల్లో ఒకటి. ద్రావణంలో రహస్యమేదో ఉందన్న భావనను దానికి పేరు తెచ్చినవారే తోసిపుచ్చారన్నమాట. 1939లో ఆర్నన్, పెరీ స్టౌట్ ఒక మూలకాన్ని అత్యవసర పోషకంగా గుర్తించడానికి ప్రమాణాలు నిర్ణయించారు. 1987లో నికెల్ చేరడంతో ఆ జాబితా 17 మూలకాలకు పెరిగింది.

భారతదేశంలో ఈ పద్ధతికి తొలి చిరునామా బెంగాల్‌లోని కాలింపాంగ్. అక్కడ 1946లో జేమ్స్ షోల్టో డగ్లస్ కంకర, ఇసుక నింపిన తొట్లలో తక్కువ ఖర్చుతో సాగు చేసే విధానాన్ని రూపొందించాడు. అది ‘బెంగాల్ పద్ధతి’గా పేరు పొందింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఆలన్ కూపర్ అభివృద్ధి చేసిన పలుచని ప్రవాహ పద్ధతి, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో విస్తరించిన రాక్‌వూల్, ఇజ్రాయెల్‌లో రూపుదిద్దుకున్న డ్రిప్ సేద్యం, చివరగా కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్ కలిసి నేటి వ్యవస్థకు రూపమిచ్చాయి. 2005లో మొదలైన జాతీయ ఉద్యానవన మిషన్ రాయితీలతో దేశంలో పాలీహౌస్‌లు, షేడ్‌నెట్‌లు పెరిగాయి.

బెండ స్వభావం, పోషక అవసరం

బెండ శాస్త్రీయ నామం అబెల్మాస్కస్ ఎస్కులెంటస్. పత్తి, గోంగూర, మందార ఉన్న మాల్వేసీ కుటుంబానికి చెందుతుంది. వెచ్చని వాతావరణం దీనికి ఇష్టం. 25 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరిగి, చలికి కుంగిపోతుంది. విత్తిన 40 నుంచి 45 రోజులకు పూత మొదలవుతుంది. పూసిన 5 నుంచి 7 రోజుల్లో కాయ కోతకు వస్తుంది. రెండు రోజులు ఆలస్యమైతే పీచు పట్టి ముదిరిపోతుంది కనుక రోజు విడిచి రోజు కోయడం పరిపాటి. పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండి సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది. తేనెటీగలు రాని వలల ఇంట్లో కూడా కాపుకు ఇబ్బంది లేకపోవడం గ్రీన్‌హౌస్ సాగుకు కలిసొచ్చే గుణం.

పోషకాల దృష్టితో చూస్తే బెండ ఎదుగుదల, పూత, కాపు ఒకేసారి సాగే పంట. కాండం పైకి పెరుగుతూనే ప్రతి కణుపు దగ్గరా పువ్వు వేస్తుంది. కాయ లేతగా ఉన్నప్పుడే కోసేస్తారు కాబట్టి మొక్క పంట చివరిదాకా కొత్త కణజాలాన్ని నిర్మిస్తూనే ఉండాలి. అందుచేత పూత వచ్చాక నత్రజని ఆపేసి పొటాష్ మాత్రమే ఇవ్వాలన్న సూత్రం దీనికి సరిపడదు. నత్రజని అతిగా ఇస్తే ఆకు గుబురై పూత వెనకబడుతుంది. తగ్గిస్తే కణుపులు కురచబడి కాపు ఆగిపోతుంది. ఆచరణలో మొదటి దశలో నత్రజని, పొటాషియం దాదాపు సమానంగా ఉంచి, కాపు దశలో నత్రజనిని నిలిపి ఉంచుతూనే పొటాషియం వాటాను కొంత పెంచుతారు. టమాటా, కీరా, క్యాప్సికంలకు దశలవారీగా స్థిరపడిన ద్రావణాలు ఉన్నాయి. బెండ గ్రీన్‌హౌస్ ప్రధాన పంట కాకపోవడం వల్ల ఎక్కువమంది ఆ పంటల సూత్రాలనో హోగ్లాండ్ ద్రావణాన్నో తీసుకుని సవరించుకుంటారు. అరువు తెచ్చుకున్న సూత్రం కాబట్టి, మొక్క దాన్ని ఎలా స్వీకరిస్తోందో కొలిచి సరిచేయడం ఇక్కడ మరింత అవసరమవుతుంది.

సాగు వ్యవస్థలు

నేలలేని సాగులో రెండు ప్రధాన విధానాలు ఉన్నాయి. మొదటిది వేళ్లు నేరుగా ద్రావణంలో ఉండే నీటి సాగు. లోతైన తొట్టె, పలుచని ప్రవాహం పారే గొట్టాలు ఈ కోవలోవి. రెండోది వేళ్లకు ఊతంగా కోకోపీట్, పెర్లైట్, రాక్‌వూల్, ఇసుక వంటి మాధ్యమం నింపి డ్రిప్ ద్వారా ద్రావణం ఇచ్చేది. పాలకూర, లెట్యూస్ వంటి ఆకుకూరలకు మొదటిది చక్కగా కుదురుతుంది. మనిషెత్తు దాటి పెరిగి, తల్లివేరు దింపి, నెలల తరబడి కాసే బెండకు రెండోదే అనుకూలం. వేడి ప్రాంతాల్లో దీనికి మరో కారణం కూడా ఉంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరితే అది 7.6కు తగ్గిపోతుంది, అదే సమయంలో వేళ్ల శ్వాసక్రియకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. నిండా నీళ్లున్న తొట్టెలో వేసవిలో వేరు కుళ్లు తేలిగ్గా రావడానికి ఈ వ్యత్యాసమే మూలం. గాలి ఆడే మాధ్యమంలో ఈ ప్రమాదం తక్కువ.

తెలుగు రాష్ట్రాల పాలీహౌస్‌లలో సులువుగా దొరికే మాధ్యమం కోకోపీట్. తేలికగా ఉండి, నీటినీ గాలినీ రెంటినీ నిలుపుతుంది. అయితే ఇది పూర్తిగా నిర్లిప్తమైన పదార్థం కాదు. కొబ్బరి పీచు పరిశ్రమ నుంచి వచ్చేటప్పుడు దానిలో సోడియం, పొటాషియం అంటిపెట్టుకుని ఉంటాయి. ద్రావణంలోని కాల్షియంను అది పట్టుకుని వాటిని వదులుతుంది. అందుకే నాటడానికి ముందు మంచినీటితో కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడుగుతారు. ఈ పని చేయని కోకోపీట్ బ్యాగుల్లో తొలి వారాల్లో కాల్షియం లోపం కనిపిస్తే ఆ తప్పు ద్రావణంది కాదు. బెండ తల్లివేరు కదిలితే నొచ్చుకుంటుంది కాబట్టి నేరుగా బ్యాగులోనే విత్తడం, లేదా ప్రోట్రేలో వేరు చుట్టుకోకముందే లేత నారుగా నాటడం మేలు.

ఎరువుల రకాలు

భారతదేశంలో నీటిలో కరిగే ఎరువుల నాణ్యత ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 పరిధిలోకి వస్తుంది. నేలలేని సాగులో తరచు వాడేవి కొన్నే. కాల్షియం నైట్రేట్‌లో నత్రజని 15.5 శాతం, కాల్షియం 18.8 శాతం ఉంటాయి. దుకాణాల్లో 13-0-45గా పిలిచే పొటాషియం నైట్రేట్, 0-52-34గా పిలిచే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 12-61-0గా పిలిచే మోనో అమ్మోనియం ఫాస్ఫేట్, 0-0-50గా పిలిచే పొటాషియం సల్ఫేట్ మిగతా ప్రధాన వనరులు. మెగ్నీషియం, గంధకాలకు మెగ్నీషియం సల్ఫేట్ వాడతారు. ఎరువు సంచిపై ఉండే భాస్వరం, పొటాష్ అంకెలు ఆక్సైడ్ రూపంలోవి. అసలు మూలకం లెక్కకు భాస్వరం అంకెను 0.436తో, పొటాష్ అంకెను 0.83తో గుణించాలి. ఈ మార్పిడి చేయకుండా విదేశీ సూత్రాలతో పోల్చడం మోతాదు తప్పడానికి తరచు కారణమవుతుంది.

సూక్ష్మపోషకాల్లో ఇనుము ప్రత్యేకమైనది. సాదా ఇనుప లవణం ద్రావణంలో త్వరగా తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది కనుక దాన్ని చీలేట్ రూపంలో ఇస్తారు. ఈడీటీఏ చీలేట్ ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 6.5 వరకు, డీటీపీఏ సుమారు 7 వరకు నిలుస్తాయి. ఈడీడీహెచ్ఏ అంతకుమించిన క్షారత్వంలోనూ పనిచేస్తుంది కానీ ఖరీదెక్కువ. చీలేట్లను వెలుతురు విడగొడుతుంది కాబట్టి ట్యాంకులు వెలుగు చొరబడనివై ఉండాలి. బోరాన్, మాంగనీస్, జింక్, రాగి, మాలిబ్డినం లీటరుకు మిల్లీగ్రాములో కొంత భాగమే చాలు. వీటిలో లోపానికీ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ, బోరాన్‌కు మరీ తక్కువ.

తేలిగ్గా దొరికే 19-19-19 ఒక్కటే వేస్తే చాలదా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. లీటరుకు 1 గ్రాము కలిపితే నత్రజని 190, భాస్వరం 83, పొటాషియం 158 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వస్తాయి. భాస్వరం హోగ్లాండ్ ద్రావణంలోని 31 పీపీఎం కంటే రెండున్నర రెట్లకు మించి ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం అసలే ఉండవు. దీనిలోని నత్రజనిలో పెద్ద భాగం యూరియా రూపంలో ఉంటుంది. నేలలో సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియంగా, నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త కోకోపీట్‌లో, నీటి తొట్టెలో ఆ మార్పు నెమ్మదిగా, ముందుగా అంచనా వేయలేని తీరులో జరుగుతుంది. పొలంలో మంచి ఫలితమిచ్చిన ఎరువు ఇక్కడ ఆకు చివర మాడుకు, మెగ్నీషియం లోపానికి దారితీయడంలో వింత లేదు. పొలంలో లోటును నేల పూరించింది, ఇక్కడ పూరించేది లేదు.

ద్రావణం తయారీ

ఒక నమూనా లెక్క ఈ పనిని స్పష్టం చేస్తుంది. లవణాలు దాదాపు లేని వాన నీరు 1,000 లీటర్లు ఉన్నాయనుకుందాం. అందులో కాల్షియం నైట్రేట్ 800 గ్రాములు, 13-0-45 ఎరువు 400 గ్రాములు, 0-52-34 ఎరువు 200 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 450 గ్రాములు కరిగిస్తే నత్రజని సుమారు 176, భాస్వరం 45, పొటాషియం 205, కాల్షియం 150, మెగ్నీషియం 43, గంధకం 58 పీపీఎం చొప్పున వస్తాయి. 12 శాతం ఇనుమున్న చీలేట్ 17 గ్రాములు కలిపితే ఇనుము 2 పీపీఎం అవుతుంది. విద్యుత్ వాహకత, అంటే ఈసీ, సెంటీమీటరుకు దాదాపు 1.6 మిల్లీసీమెన్స్ ఉంటుంది. నత్రజని దాదాపు అంతా నైట్రేట్ రూపంలోనే ఉండటం ఈ కూర్పు లక్షణం. వేడి వాతావరణంలో అమ్మోనియం ఎక్కువైతే వేళ్లకు హాని, పైగా కాల్షియం, మెగ్నీషియంల గ్రహణానికి పోటీ. అందువల్ల మొత్తం నత్రజనిలో అమ్మోనియం వాటాను పదో వంతుకు అటూఇటూగా పరిమితం చేస్తారు.

పెద్ద తోటల్లో రోజూ ఇలా కలపడం కుదరదు కనుక వంద రెట్ల గాఢతతో రెండు ట్యాంకులు సిద్ధం చేస్తారు. ‘ఎ’ ట్యాంకులో కాల్షియం నైట్రేట్, ఇనుప చీలేట్, కొంత పొటాషియం నైట్రేట్. ‘బి’ ట్యాంకులో ఫాస్ఫేట్, సల్ఫేట్, మిగతా సూక్ష్మపోషకాలు. గాఢ స్థితిలో కాల్షియం సల్ఫేట్‌తో కలిస్తే జిప్సంగా, ఫాస్ఫేట్‌తో కలిస్తే కరగని కాల్షియం ఫాస్ఫేట్‌గా గడ్డకడుతుంది. తెల్లని ఆ మడ్డి డ్రిప్పర్లను మూసేయడమే కాదు, డబ్బిచ్చి కొన్న పోషకాన్ని మొక్కకు దక్కకుండా చేస్తుంది. రెండు ట్యాంకుల ద్రావణాలూ వెంచురీ ద్వారానో డోసింగ్ పంపుల ద్వారానో ప్రధాన నీటిలోకి సమానంగా చేరి, పలుచనయ్యాకే ఒకదానితో ఒకటి కలుస్తాయి.

నీటి నాణ్యత, ఉదజని సూచిక

పై సూత్రాన్ని వాన నీటికి కాక బోరు నీటికి వర్తింపజేస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీరు చాలాచోట్ల కఠినమైనది, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నది. ఉదాహరణకు లీటరుకు బైకార్బొనేట్ 305, కాల్షియం 80, మెగ్నీషియం 30 మిల్లీగ్రాములు ఉన్న నీటిని తీసుకుందాం. 61 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఒక మిల్లీ ఈక్వివలెంట్ కనుక ఇందులో 5 ఉన్నాయి. ఒకటి మిగిల్చి 4 తటస్థం చేయడానికి నత్రికామ్లం వాడితే ఆ ఆమ్లం నుంచే 56 పీపీఎం నత్రజని వస్తుంది. పని మొత్తం ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేస్తే భాస్వరం 124 పీపీఎంకు చేరి, ఇనుము, జింక్ గ్రహణాన్ని దెబ్బతీస్తుంది. కాల్షియం 150 పీపీఎంకు చేరడానికి ఇక కావలసింది 70 మాత్రమే. కాబట్టి కాల్షియం నైట్రేట్ 800 నుంచి సుమారు 370 గ్రాములకు, మెగ్నీషియం సల్ఫేట్ 450 నుంచి సుమారు 135 గ్రాములకు తగ్గుతాయి. ఆమ్లం, తగ్గించిన కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ మూడింటి నుంచీ కలిపి నత్రజని 166 పీపీఎం వస్తుంది. గంధకం తగ్గిన మేరకు బోరు నీటిలోని సల్ఫేట్ ఎంతుందో చూసి సరిచేయాలి.

ఇదే నీటిలో చీటీ ప్రకారం మొదటి మోతాదులే వేసి, ఆమ్లమూ పోస్తే నత్రజని 232, కాల్షియం 230, మెగ్నీషియం 73 పీపీఎం అవుతాయి. రెండు తోటల్లో ఒకే సూత్రం వాడినా ఫలితాలు వేరవడానికి ఈ అంకెలే సమాధానం. నీటి పరీక్ష లేని సూత్రం సగం సమాచారమే. ద్రావణం ఉదజని సూచికను 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలని సాధారణ సిఫారసు. అంతకంటే పెరిగితే ఇనుము, మాంగనీస్, భాస్వరం అందవు. మొక్క నైట్రేట్ తీసుకుంటున్నప్పుడు వేళ్ల చుట్టూ సూచిక పెరుగుతుంది, అమ్మోనియం తీసుకుంటే తగ్గుతుంది. కాబట్టి ట్యాంకులో ఒకసారి సరిచేస్తే పని అయిపోయినట్టు కాదు. ఆమ్లాన్ని ఎప్పుడూ నీటిలో కొద్దికొద్దిగా పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

నీటి సమస్యకు మూల పరిష్కారం పాలీహౌస్ పైకప్పు మీదే ఉంది. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీటితో సమానం. 4,000 చదరపు మీటర్ల కప్పుపై 500 మిల్లీమీటర్లు కురిస్తే సిద్ధాంతరీత్యా 20 లక్షల లీటర్లు. అందులో కొంత నష్టపోయినా, బోరు నీటితో కలిపి వాడితే ఆమ్లం ఖర్చు, సోడియం బెడద రెండూ తగ్గుతాయి.

ఈసీ, డ్రెయిన్ నీరు

ఈసీ మీటరు ద్రావణంలోని మొత్తం లవణాల గాఢతను చూపుతుంది. బెండకు నారు దశలో 1.0 నుంచి 1.2, పెరుగుదల దశలో 1.5 నుంచి 1.8, కాపు దశలో 1.8 నుంచి 2.2 మిల్లీసీమెన్స్ మధ్య నడపడం వాడుకలో ఉన్న పద్ధతి. బెండ ఉప్పును అంతగా ఓర్చుకోలేని పంట కనుక, ఎండలు మండేటప్పుడు మొక్క పోషకాలకంటే నీటినే ఎక్కువ తాగుతుంది కనుక వేసవిలో పలుచన చేసి, శీతకాలంలో కొంత చిక్కబరుస్తారు. అయితే ఈసీకి ఒక పరిమితి ఉంది. లీటరు నీటిలో ఒక గ్రాము మామూలు ఉప్పు కలిపినా మీటరు దాదాపు 2 చూపిస్తుంది. అది మొత్తాన్ని చెబుతుంది గాని ఏ లవణం ఎంతో చెప్పదు. బ్యాగుల కింద కారే డ్రెయిన్ నీటిని తిరిగి వాడే వ్యవస్థలో మొక్క వదిలేసిన సోడియం, క్లోరైడ్ పోగుపడుతుంటే ఈసీ సరిగా ఉన్నట్టే కనిపిస్తూ పంట ఆకలితో ఉండవచ్చు. కొంత కాలానికొకసారి ప్రయోగశాల పరీక్ష అవసరం ఇక్కడే వస్తుంది.

రోజువారీ నిర్ణయాలకు మాత్రం బ్యాగు కింద కారే నీరే నమ్మదగిన సాక్ష్యం. ఒక డ్రిప్పర్ కింద ఒక సీసా, ఒక బ్యాగు కింద ఒక పళ్లెం పెట్టి, ఇచ్చినదెంత, కారినదెంత, రెండింటి ఈసీ, ఉదజని సూచిక ఎంత అని రాసుకోవాలి. ఇచ్చిన నీటిలో 15 నుంచి 30 శాతం కారుతుంటే బ్యాగులో ఉప్పు పేరుకోవడం లేదని అర్థం. కారే నీటి ఈసీ ఇచ్చినదానికంటే బాగా ఎక్కువైతే నీరు చాలడం లేదు లేదా ద్రావణం చిక్కగా ఉంది. ఇచ్చినదానికంటే తగ్గితే మొక్కకు పోషకాలు చాలడం లేదు. చిన్న రైతుకు ఇంత కొలత భారమన్న అభ్యంతరం ఉంది. కానీ దీనికి కావలసినవి చేతిలో పట్టే రెండు మీటర్లు, వాటిని సరిచూసే ప్రామాణిక ద్రావణాలు, ఒక కొలజాడీ, ఒక పుస్తకం. పాలీహౌస్ నిర్మాణ వ్యయంలో ఇది అత్యల్ప భాగం. యాంత్రిక నియంత్రణ కొలత పనిని తేలిక చేస్తుంది గాని దాని స్థానాన్ని తీసుకోదు. సెన్సర్ తప్పు చూపితే యంత్రం అదే తప్పును తోటంతా పంచుతుంది.

లోప లక్షణాలు, తెగుళ్లతో పోలిక

మొక్కలో కదలగలిగే పోషకాల లోపం ముదురు ఆకుల్లో, కదలలేనివాటి లోపం లేత ఆకుల్లో ముందుగా బయటపడుతుంది. నత్రజని తగ్గితే కింది ఆకులు మొత్తంగా పాలిపోతాయి. పొటాషియం తగ్గితే వాటి అంచులు మాడుతాయి. మెగ్నీషియం తగ్గితే ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారుతుంది. కాల్షియం, బోరాన్ లోపాలు చిగుళ్లను, ఇనుము లోపం లేత ఆకులను పట్టుకుంటాయి. బెండలో ఎక్కువగా పొరబడేది ఇనుము లోపానికీ పల్లాకు తెగులుకూ మధ్యనే. ఇనుము లోపంలో ఈనెలు ఆకుపచ్చగా నిలిచి వాటి మధ్య కణజాలం పసుపవుతుంది. తెల్లదోమ వ్యాపింపజేసే పల్లాకు వైరస్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. ఈనెలే పసుపు వలలా మారి మధ్యలో పచ్చదనం మిగులుతుంది. కాయలు కూడా పాలిపోతాయి. వైరస్‌కు ఏ ద్రవ ఎరువూ మందు కాదు. సన్నకన్ను వల, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అనామిక వంటి తట్టుకునే రకాలు, రోగం సోకిన మొక్కల ఏరివేతే మార్గాలు.

సేంద్రియ ద్రవాలు

జీవామృతం, పంచగవ్య, వర్మీవాష్ వంటి ద్రవాలు నేలలేని సాగులో ఖనిజ ద్రావణాలకు బదులు పనికొస్తాయా అన్నది తెలుగు నేలమీద సహజమైన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం ప్రభుత్వ కార్యక్రమంగా విస్తరించింది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, పిడికెడు మట్టితో చేసే జీవామృతం ప్రధానంగా నేలలోని సూక్ష్మజీవులను పెంచడానికి ఉద్దేశించినది. ఆ జీవులు పనిచేయడానికి నేల, అందులో సేంద్రియ పదార్థం ఉండాలి. ఆ నేలనే తీసేసిన చోట దాని ఉద్దేశమే నెరవేరదు. తయారీ తయారీకీ కూర్పు మారడం, నత్రజని అమ్మోనియం రూపంలో రావడం, డ్రిప్పర్లు పూడుకుపోవడం, పచ్చికూరగా కూడా తినే కాయకు పేడలోని సూక్ష్మజీవులు తగిలే అవకాశం ఇతర చిక్కులు. సేంద్రియ పదార్థంలోని నత్రజనిని ముందుగా సూక్ష్మజీవులతో నైట్రేట్‌గా మార్చి వాడే పద్ధతులపై జపాన్‌లో పరిశోధన జరిగింది. అంటే సేంద్రియ మార్గం అసాధ్యమేమీ కాదు. అయితే అక్కడ కొలతల అవసరం తగ్గదు, పెరుగుతుంది. ధ్రువీకరణలో ఏకాభిప్రాయం లేదు. ఐరోపా సమాఖ్య సేంద్రియ పంటకు నేల తప్పనిసరి అంటుంది, అమెరికా హైడ్రోపోనిక్ పంటకూ సేంద్రియ ముద్రను అనుమతిస్తోంది. ఖనిజ ద్రావణంతో పెరిగిన కాయ కృత్రిమమన్న అభిప్రాయానికి మాత్రం రసాయనిక ఆధారం లేదు. పేడ నుంచి వచ్చినా సంచి నుంచి వచ్చినా వేరు ప్రధానంగా తీసుకునేది అవే నైట్రేట్, పొటాషియం అయాన్లు.

ఆర్థిక కోణం

బెండ ఉత్పత్తిలో భారత్ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. సీజన్‌లో ప్రతి రైతుబజారుకూ బయటి పొలాల పంట వచ్చే చోట పాలీహౌస్ బెండ ధరలో పోటీ పడలేదు. దేశంలోని పాలీహౌస్‌లలో క్యాప్సికం, కీరా, గులాబీ, జెర్బెరా ఎక్కువగా కనిపించడానికి ఇదే హేతువు. నేలలేని బెండకు స్థానం లేదని దీని అర్థం కాదు. దాని స్థానం పరిమితమైనదని అర్థం. బెండను వేరుకాయ నులిపురుగులు విపరీతంగా పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి ఒకే పాలీహౌస్‌లో సాగు చేసి నేల పాడైన చోట బ్యాగుల సాగు ఉపయోగం స్పష్టం. సాగుకు నేల, నీరు రెండూ అరుదైన గల్ఫ్ దేశాల్లో బెండ ఇష్టమైన కూర. తెలుగు వలస కుటుంబాలూ దాన్ని కొంటాయి. జపాన్‌లో కగోషిమా, కోచి ప్రాంతాల్లో ప్లాస్టిక్ ఇళ్లలో ముందస్తు బెండ పండిస్తారు. భారత్ నుంచి వచ్చే బెండకాయలపై పురుగుమందు అవశేషాల తనిఖీని ఐరోపా సమాఖ్య సరిహద్దుల్లో పెంచింది. వలల చాటున తక్కువ మందులతో పండిన కాయకు ఆ మార్కెట్‌లో అవకాశం ఉంది. అయితే ఈ చివరి ప్రయోజనం వల వల్ల వచ్చేది, ద్రావణం వల్ల కాదు. అదే వల కింద మంచి నేలలో పండించినా అది దక్కుతుంది. పెట్టుబడి పెట్టేవారు ఏ లాభం దేనివల్లో విడదీసి చూడటం మేలు.

పర్యావరణ ప్రభావం

నేలలేని సాగు నీటిని ఆదా చేస్తుందన్న మాట డ్రెయిన్ నీటిని తిరిగి వాడినప్పుడే పూర్తిగా నిజం. లీటరుకు 150 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని ఉన్న డ్రెయిన్ నీటిలో నైట్రేట్‌గా లెక్కిస్తే 660 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం 45 మిల్లీగ్రాములు. అంటే దాదాపు 15 రెట్లు. ఆ నీటిని కాలువలోకి వదిలితే కొంత కాలానికి అది అదే ఊరి బోరులోకి చేరవచ్చు. తిరిగి వాడాలంటే వడపోతతో పాటు అతినీలలోహిత కిరణాల వంటి క్రిమినాశన ఏర్పాటు కావాలి, లేకుంటే ఒక మొక్క వేరు కుళ్లు తోటంతా పాకుతుంది. అంత ఖర్చు పెట్టలేని చోట డ్రెయిన్ నీటిని గుంటలో పట్టి, మంచినీటితో కలిపి, పక్కనున్న మామిడికో కొబ్బరికో పశుగ్రాసానికో ఎరువు నీరుగా పెట్టడం ఆచరణీయం. వాడేసిన కోకోపీట్‌ను కంపోస్టులో కలపవచ్చు, రాక్‌వూల్‌కు ఆ వీలు లేదు.

ప్రాముఖ్యం

ద్రవ ఎరువులతో నేలలేని బెండ సాగు సాంకేతికంగా సాధ్యమన్నదానిలో వివాదం లేదు. దానికి కావలసిన లవణాలు సాధారణ ఎరువుల దుకాణాల్లో దొరుకుతాయి, రసాయన సూత్రాలు శతాబ్దంన్నరగా తెలిసినవే. వివాదం ఉన్నది ఏ ద్రావణం ఉత్తమమన్న దానిపై. ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదని పై లెక్కలు తెలియజేస్తాయి. వాన నీటికి 800 గ్రాములు సరైన మోతాదైన ఎరువు, ఒక బోరు నీటికి 370 గ్రాములకు దిగిపోయింది. తయారైన సీసా ద్రావణం పెరటి మిద్దెసాగుకు సౌకర్యమే గాని, దాని కూర్పు వాడేవారి నీటిని చూసి నిర్ణయించింది కాదు. కనుక కొత్తగా మొదలుపెట్టేవారికి ఖర్చు వరుసలో మొదట రావలసినది నీటి పరీక్ష, తర్వాత మీటర్లు, ఆ తర్వాతే ఎరువు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఉద్యాన శాఖలు బెండకు ప్రత్యేక సిఫారసులు ఇవ్వదలచినప్పుడు కూడా ఒకే మోతాదు పట్టిక కంటే బైకార్బొనేట్, కాల్షియం స్థాయిలను బట్టి మారే పట్టికలే రైతుకు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇవీ చూడండి: హైడ్రోపోనిక్స్, ఫెర్టిగేషన్, కోకోపీట్, మొక్కల అత్యవసర పోషకాలు, చీలేట్లు, పల్లాకు తెగులు, వేరుకాయ నులిపురుగులు, భూగర్భ జలాల్లో నైట్రేట్